క్యాన్సర్ తగ్గాక హోమ్‌లోన్ ఇన్సూరెన్స్: ఫారంలో నిజం రాస్తే ఏమైందో చెప్తాను

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడకు బ్రెస్ట్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయి రెండేళ్లయింది. ఇప్పుడు ఇద్దరి పేర్ల మీదా 45 లక్షల హోమ్‌లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్, అంటే లోన్ తీసుకున్నవాళ్లు పోతే బాకీ తీర్చే లైఫ్ ఇన్సూరెన్స్, తప్పనిసరి అంటున్నారు. క్యాన్సర్ సంగతి రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది?

నేను ఇన్సూరెన్స్ మనిషిని కాను. 2017లో హైదరాబాద్‌లో నాకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది, తర్వాత రేడియో అయోడిన్, అంటే మిగిలిన కణాలను చంపే రేడియేషన్ మందు, ఇచ్చారు. 2023లో మియాపూర్‌లో ఫ్లాట్ కొనడానికి 38 లక్షల లోన్‌కి వెళ్లాం. కాబట్టి మీరున్న చోట ఒకసారి నిలబడి వచ్చినదాన్ని.

లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టిస్తున్న రోజు. ముప్పై, నలభై చోట్ల పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉంచారు. ఆ అబ్బాయి "ఇక్కడ, ఇక్కడ మేడం" అంటూ పేజీలు తిప్పుతున్నాడు. మధ్యలో ఒక కాగితం తక్కినవాటిలా లేదు. చదివితే ఆరోగ్యం బాగుందని నేనిచ్చే డిక్లరేషన్. గుండె, కిడ్నీ, క్యాన్సర్, కణితులు, ఆపరేషన్లు అన్నీ అడిగారు. అన్నిటికీ "లేదు" దగ్గర ముందే టిక్కులు కొట్టేసి ఉన్నాయి. నాకు క్యాన్సర్ ఆపరేషన్ అయిందండీ అన్నాను. అతను నా మెడ వంక ఓసారి చూసి, "చున్నీ ఉంటే కనపడట్లేదు కదా మేడం, ఎవరూ చూడరు, అందరూ ఇలాగే పెడతారు" అన్నాడు.

అతని మీద కోపం రాలేదు, అతని టార్గెట్ అతనిది. కానీ రేపు నాకేమన్నా అయితే క్లెయిమ్ పట్టుకుని తిరిగేది అతను కాదు, మా ఆయన. క్లెయిమ్‌తో పాటు హాస్పిటల్ కాగితాలు అడుగుతారు. ఏ డిశ్చార్జి సమ్మరీ తీసినా పైనే ఉంటుంది, ఫలానా సంవత్సరం ఫలానా ఆపరేషన్ అని. రోజూ పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్రే చెప్పేస్తుంది నా కథ. "లేదు" దగ్గరున్న ఆ టిక్కు మీద అడ్డంగా గీత గీసి "అవును" అని రాసి, పక్కన సంతకం పెట్టి, బయాప్సీ రిపోర్టు జిరాక్స్ జత చేశాను. రెండు వారాలకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నాకు బీమా కవర్ ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. లోన్ మాత్రం ఆగలేదు.

"మూడేళ్లు దాటితే కంపెనీ ఏమీ చెయ్యలేదట కదా" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ మాట. నిజమే, 2015 సవరణ తర్వాత మూడేళ్లు నిండిన లైఫ్ పాలసీని ఏ కారణం చూపించీ ప్రశ్నించడానికి లేదు. కానీ ఆ మూడేళ్ల లోపు, కావాలనే దాచారని తేలితే క్లెయిమ్ పోతుంది. ట్రీట్‌మెంట్ అయి రెండేళ్లే అయినవాళ్లకు తర్వాతి మూడేళ్లంటే మనం అన్నిటికంటే ఎక్కువ భయపడుతూ స్కాన్‌లకు వెళ్లే మూడేళ్లు. కవర్ అసలు కావలసిందే అప్పుడు. పైగా పాలసీ మధ్యలో ఆగి మళ్లీ రివైవ్ చేయిస్తే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలు.

ఇక తప్పనిసరి అన్న మాట. హోమ్‌లోన్ తీసుకునేవాళ్లు లైఫ్ ఇన్సూరెన్స్ కొనితీరాలని రిజర్వు బ్యాంకుదీ, ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐదీ ఏ రూలూ లేదు. ఇంటికి, అంటే కట్టడానికి, చేయించే ఇన్సూరెన్స్ వేరు. అగ్రిమెంట్‌లో అది మామూలుగా ఉంటుంది, దానికి మన ఆరోగ్యంతో పని లేదు. కౌంటర్‌లో రెండిటినీ కలిపి ఒకే మాటగా చెప్తారు, విడదీసి అడగండి. మమ్మల్నీ అలాగే తిప్పారు. చివరికి మా ఆయన "ఇన్సూరెన్స్ లేకపోతే లోన్ ఇవ్వం అని ఒక్క మెయిల్ పెట్టండి సార్, దాచుకుంటాం" అన్నారు. ఆ మెయిల్ రాలేదు గానీ, మర్నాడు శాంక్షన్ లెటర్ వచ్చింది.

ఆ ఇన్సూరెన్స్ ఖరీదు కూడా చూసుకోండి. మాకు ఒకేసారి కట్టే ప్రీమియం 1.42 లక్షలు చెప్పి, దాన్ని లోన్‌లోనే కలుపుతామన్నారు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే నెలకు సుమారు 1,230 రూపాయలు, మొత్తం మీద దాదాపు 2.96 లక్షలు! ఇంత కట్టినా కవర్ లోన్‌తో పాటు తగ్గుతూ పోతుంది.

మరి కవర్ లేకుండా ఉన్నామా అంటే, లేదు. ముందు మా ఆయన పేరున బయట 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చే పాలసీ, తీసుకున్నాం. ఈఎంఐలో పెద్ద భాగం ఆయన జీతంలోంచే పోతుంది కాబట్టి మొదటి రక్షణ అదే. నాది కష్టమైన భాగం. నాకు పీఎఫ్ ఉంది గనుక దానితో పాటే వచ్చే ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ ఉంది. ఉద్యోగంలో ఉండగా పోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. మన జీతంలోంచి దీనికి పైసా కోయరు, ఏ జబ్బుందని అడగరు. అది ఉన్నట్టు కూడా చాలామందికి తెలియదు. ఇది కాక మా ఆఫీసులో గ్రూప్ టర్మ్ ఉంది, ఫలానా మొత్తం దాకా మెడికల్ లేకుండానే ఇచ్చారు. ఉద్యోగం మానేస్తే అది పోతుంది, నేను కంపెనీ మారకపోవడానికి అదీ ఒక కారణం. మీ ఆవిడ ఉద్యోగం చేస్తుంటే హెచ్ఆర్‌ని ఈ రెండూ అడగమనండి.

తర్వాత సొంతంగా టర్మ్‌కి ప్రయత్నించాను. మొదటి కంపెనీ కుదరదంది. ఇక్కడ ఒక తప్పు చేశాను, మీరు చెయ్యకండి. ఎవరినీ అడక్కుండా ఆన్‌లైన్‌లో అప్లై చేసి తిరస్కరణ తెచ్చుకున్నాను. తర్వాతి ఫారంలో "ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీ ప్రపోజల్ తిరస్కరించిందా" అన్న ప్రశ్న ఉంది, దానికీ అవునని రాయాల్సొచ్చింది. రెండోసారి తెలిసిన ఏజెంట్ ద్వారా ముందు రిపోర్టులు పంపి, ఇస్తారా ఇవ్వరా అని అడిగించాం. బయాప్సీ, ఆపరేషన్ సమ్మరీ, అయోడిన్ ఇచ్చిన తర్వాతి స్కాన్, జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి ఏటా చేయించిన థైరోగ్లోబ్యులిన్ రక్తపరీక్ష రిపోర్టులు, జబ్బు తిరగబెట్టిన జాడ లేదని డాక్టరుగారి ఉత్తరం పెట్టాం. ఫోన్‌లో ఒక డాక్టర్ అరగంట ప్రశ్నలు వేశారు. చివరికి 30 లక్షల కవర్ ఇచ్చారు. మామూలుగా 7,200 పడే ప్రీమియం నాకు 10,800 అయింది. సంతోషంగా కట్టాను.

కానీ నాకు అప్పటికి ఆపరేషన్ అయి ఆరేళ్లు దాటింది, పైగా పాపిలరీ థైరాయిడ్ అంటే డాక్టర్లే పెద్దగా కంగారు పడని రకం. మీ ఆవిడకు రెండేళ్లే కాబట్టి ఇప్పుడడిగితే ఇంకొన్నేళ్లు ఆగి రమ్మనే అవకాశమే ఎక్కువని నా అంచనా. బ్రెస్ట్ క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ లాంటి మాత్రలు ఇంకా నడుస్తుంటే అవి అయిపోయాక రమ్మనొచ్చు. అది తిరస్కరణ కాదు, వాయిదా. ఈలోగా ప్రతి ఫాలోఅప్ రిపోర్టూ తేదీల వరసన ఫైల్ చెయ్యండి. ఆ ప్రీమియం డబ్బులు ఏటా లోన్‌లో ముందస్తుగా కట్టండి. ఫ్లోటింగ్ వడ్డీ లోన్ అయితే దానికి పెనాల్టీ వెయ్యకూడదు. ఆవిడ ఇన్సూరెన్స్ అదే అనుకోండి, కొన్నాళ్లు.

సంతకం పెట్టి పాలసీ వచ్చేసి ఉంటే కంగారు పడకండి, చేతికందిన 30 రోజుల్లో వెనక్కివ్వచ్చు. కంపెనీ పలకకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ తర్వాత హైదరాబాద్‌లో లక్డీకాపూల్ దగ్గర, కంపెనీలతో మన తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఇంకొకటి, ఇదైతే ఈ రాత్రే చూడండి. జబ్బు రాకముందు ఆవిడ పేరున తీసుకున్న పాత పాలసీ ఏదైనా బీరువాలో ఉందా? పెళ్లికి ముందు మా నాన్న కట్టిన 5 లక్షల ఎల్ఐసీ పాలసీ నాకొకటి ఉంది. రేడియో అయోడిన్ వార్డులో, ఎవర్నీ దగ్గరికి రానివ్వని ఆ గదిలో ఉన్నప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆ ఏడు ప్రీమియం కట్టలేదని. ఏడాదికోసారి కట్టేదానికి గ్రేస్, అంటే గడువు దాటాక ఇచ్చే వ్యవధి, 30 రోజులు. ల్యాప్స్ అయితే రివైవల్‌కి మళ్లీ ఆరోగ్యం బాగుందని రాసివ్వాలి, అప్పుడు నేనేం రాసివ్వగలను? ఫోన్ చేసి చెప్తే మా ఆయన పరిగెత్తుకెళ్లి 28వ రోజున కట్టి రసీదు ఫోటో పంపారు. నా పేరున ఏ ప్రశ్నా లేకుండా నడుస్తున్న పాలసీ ఈ రోజుకీ అదొక్కటే.