స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అయినా నెలల తరబడి నడుం నొప్పి. మసాజ్‌తో పోతుందా?

నొప్పి నిజమే, మీ ఊహ కాదు. కాకపోతే 3 నెలలు దాటిన నొప్పి చాలాసార్లు గాయం కన్నా నరాల వ్యవస్థ ఎంత సున్నితంగా మారిందో చెబుతుంది. చిన్న కదలికకే ప్రమాదం వచ్చినట్టు మెదడు, వెన్నుపాము స్పందిస్తాయి. నిద్రలేమి, టెన్షన్, వంగితే ఏమవుతుందోనన్న భయం దాన్ని ఇంకా పెంచుతాయి.

మసాజ్ చేసినా, వెన్ను నొక్కినా ఎముకలేవీ 'సెట్' కావు (ఆ టక్‌మనే శబ్దం కీలు ద్రవంలోని వాయువుది). నరాలు కాసేపు శాంతిస్తాయి, అంతే. ఆ వెసులుబాటులో నడక, వ్యాయామం కొద్దికొద్దిగా పెంచుకోండి. అసలు లాభం అక్కడే. "వెన్నుపూస జరిగింది, వారం వారం రావాలి" అనే థెరపిస్టునైతే నేను మార్చేస్తాను.

కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలపై పట్టు తప్పినా మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.