కుండలో గొంతు పెట్టేముందు

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఒడిశా గోపాలపూర్‌లో మన తెలుగు జాలర్ల వీధి, ఆ నొలియా సాహిలో యాభై మట్టికుండలు వేలాడదీస్తావట. మూత తీస్తే లోపల్నించి ఆ వీధి ముసలాళ్ళ గొంతులు వినిపిస్తాయట. "దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారన్నయ్యా" అంది. నాకు తెలిసిన ఇన్‌స్టలేషన్ మేడ మీద డిష్ బిగించడమే. విషయం అర్థమయ్యాక మాత్రం నిద్ర పట్టలేదు. బ్యాంకుల్లోనూ స్కూళ్ళలోనూ స్థిరపడ్డ మనింట్లో ఇన్నాళ్ళకి మైకుసెట్టు మావయ్యకి ఒక వారసురాలు దొరికిందని సంతోషం. దాంతోపాటే భయం. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

ముందు కరెంటు. తడి ఇసక మీద జనం వట్టి కాళ్ళతో నిలబడి చేత్తో ముట్టుకునే వస్తువు నువ్వు కడుతున్నది. 12 వోల్టుల బ్యాటరీ మీదే నడిపించు. గత్యంతరం లేక మెయిన్ లైను తీసుకుంటే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్చి, బిగించేదాకా ఒక్క వైరు కూడా తగిలించొద్దు. మీ అమ్మకి కూడా నేను చెప్పని సంగతి ఒకటుంది. బరంపురంలో ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి వచ్చేది కదా, నేను పని నేర్చుకున్నదంతా ఆ నెలరోజుల రాత్రుల్లోనే. మట్టిబొమ్మల రథాలకి సీరియల్ లైట్లు కడుతుండగా నా దగ్గర పనిచేసే కుర్రాడు తడికాళ్ళతో ఇనప స్తంభం పట్టుకున్నాడు. బతికాడు. కుడిచేతి మూడు వేళ్ళు మాత్రం ఆ తర్వాత ముడుచుకోలేదు. ఆ చేత్తోనే నా పెళ్ళికి వచ్చి అక్షింతలు వేశాడు. అందుకే చెప్పిందే చెబుతుంటాను, విసుక్కోకు.

ఉప్పుగాలికి రాగితీగ నెల తిరక్కుండా పచ్చబడుతుంది. మూత తీయగానే గొంతు రావాలంటే రీడ్ స్విచ్చి వాడు. దాని కాంటాక్టులు గాజుగొట్టంలో సీలు చేసి ఉంటాయి, ఉప్పు తగలదు. మూతలో చిన్న అయస్కాంతం అతికిస్తే చాలు. ఇంకోటి, కుండలో స్పీకరు పెడితే మాట గుమ్మంటుంది, అక్షరం తెలీదు. లోపల పాతచీర ముక్కలు వదులుగా కుక్కు. అయినా ఆ సముద్రం ఒక్క క్షణం ఊరుకోదు, దాని మీద గెలవాలని సౌండు పెంచావంటే మొత్తం పాడవుతుంది. మనిషి వంగి చెవి ఆనిస్తేనే వినబడాలి.

పలకల మీద తెలుగులో రాస్తానన్నావట. రాయి, కాదనను. కానీ అక్కడి పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు. వాళ్ళ మామ్మ పేరు నువ్వు తెలుగులో రాస్తే వాళ్ళే చదవలేరు. రెండు లిపుల్లోనూ రాయించు. "వలస" అన్న మాట మాత్రం బోర్డు మీద పెట్టకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం, గోపాలపూర్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఒకసారి ఒక పెద్దాయన్ని "మీరెప్పుడు వలసొచ్చారు?" అని అడిగాను. వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆళ్ళు గీత గీసినప్పుడు మేం ఏటలో ఉన్నాం బాబూ" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి.

1988లో ఆ సాహిలోనే గంగమ్మ పండక్కి మైకు నాది. రెండు హారన్లు కొబ్బరిచెట్లకి, రెండు వెదురుగడలకి కట్టాను. కొత్తగా టేప్‌రికార్డరు కొన్న రోజులు. పండక్కి వారం ముందే వెళ్ళి ముసలాళ్ళ చేత మాట్లాడించి రికార్డు చేశాను. ఎవరూ చెయ్యమనలేదు, నాకే సరదా. పాటకీ పాటకీ మధ్య వాళ్ళ మాటలు వేస్తే ఊరు ఊరంతా మురిసిపోతుందనుకున్నాను. అచ్చం నీలాగే.

వాళ్ళలో ఒకావిడ. పేరు రాయను. శ్రీకాకుళం వైపు బారువ దగ్గర్నించి మొగుడితో, ఇద్దరు పిల్లలతో ఒడ్డెంబడి నడిచొచ్చి అక్కడ గుడిసె వేసుకున్న మనిషి. దారిలో రాత్రిళ్ళు ఇసకలో గొయ్యి తీసి పిల్లల్ని ఎలా పడుకోబెట్టిందో చెప్పింది. ఒడియా రాక బజార్లో నాలిక బయటపెట్టి వేలితో చూపించి ఉప్పు అడిగిందట. చెబుతూ తనే పడీపడీ నవ్వింది. క్యాసెట్టు ఒకవైపు అయిపోయింది, తిప్పి పెట్టాను. ఇంతలో వెదురుగడ ఒరిగిపోతోందని ఎవరో పిలిస్తే మిషను అక్కడే వదిలి పరుగెత్తాను. నేను లేకపోయినా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. మిషనుతో.

ఆ రెండోవైపు నేను వినలేదు అమ్మలూ. గొంతు పడిందా లేదా అని రెండు నిమిషాలు చూసి పక్కన పెట్టేశాను. నా తప్పంతా అక్కడే ఉంది.

పండగ రాత్రి అది నాలుగు హారన్లలోంచీ వచ్చింది. ఒక ఏడు వేట సరిగా సాగలేదట. పిల్లలు రెండు రోజులు పస్తులుంటే, చీకట్లో వెళ్ళి పక్కవాళ్ళు ఆరబెట్టిన నెత్తళ్ళు తట్టెడు ఎత్తుకొచ్చిందట. నింద వేరే కుర్రాడి మీద పడింది. పన్నెండేళ్ళవాడు. గుంజకి కట్టేసి కొట్టారు. "నేను గుమ్మంలో నించుని సూశాను" అని ఆవిడ గొంతు. నేను ఆంప్లిఫయర్ దగ్గర ప్రసాదం తింటున్నాను. ముందు నాకేమీ అర్థం కాలేదు. ఉన్నట్టుండి సముద్రం చప్పుడు వినిపించింది. పండగ రాత్రి ఆ సాహిలో సముద్రం వినిపించిందంటే జనమంతా నోళ్ళు మూసుకున్నారన్నమాట.

ఆ కుర్రాడు అప్పటికి నలభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళకి పైగా ఊరంతా అతని పేరు ముందు "ఎండుచేపల" అని తగిలించి పిలుస్తున్నారు, అతని పిల్లల్ని కూడా. చేతిలో బీడీతో లేచి నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. "మల్లీ ఎయ్యి" అన్నాడు.

వేశాను. మొదటిసారి తెలియక చేశాను, రెండోసారి తెలిసే చేశాను. అతని మొహం చూసి కాదనలేకపోయాను. ఆ మాట అతనికి కావాలి, ఎవరికన్నా ఎక్కువ కావాలి. కానీ దాన్ని ఆవిడ తన కాళ్ళతో అతని వాకిట్లోకి వెళ్ళి చెప్పుకోవాలి. ఆవిడ నోట్లోంచి లాక్కుని హారన్‌లో పెట్టినవాణ్ణి నేను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మనవడు వచ్చాడు, "మామ్మ ఆ క్యాసెట్టు ఇమ్మంది" అని. ఇచ్చేశాను. పది రోజులకి మిగిలిన వైర్లు తీసుకోవడానికి వెళ్తే ఆవిడ వాకిట్లో కవళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. కాకులు వాలకుండా గుంజకీ గుంజకీ మధ్య గోధుమరంగు టేపు లాగి కట్టారు. గాలికి గుయ్యిమంటోంది. లోపల్నించి ఎవరూ బయటికి రాలేదు. ఆవిడ మళ్ళీ అరుగు మీద కూర్చోగా నేను చూడలేదు.

కాబట్టి నువ్వు రికార్డు చేసిన ప్రతి నిమిషమూ విను. గంటది గంటా విను. తర్వాత దాన్ని తీసుకుని మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళు. వాళ్ళ గొంతు వాళ్ళకే వినిపించు, ఇంట్లో వాళ్ళు చేపలు అమ్మడానికి వెళ్ళిన వేళ చూసుకుని. అందులో ఇంకెవరి పేరు వచ్చిందో రాసుకో, వాళ్ళ గడప కూడా తొక్కు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాను కదా అని నాతో అనకు. వీధిలో పది మంది మధ్య తన మాట ఎలా ఉంటుందో, విన్న తర్వాతగానీ ఏ మనిషికీ తెలీదు. ప్రారంభం రోజు పొద్దున్న వచ్చి "వద్దమ్మా" అన్నా సరే, అప్పటికప్పుడు ఆ కుండలో మెమరీ కార్డు తీసి వాళ్ళ చేతిలో పెట్టు. ఖాళీ కుండ ఒకటి వేలాడుతుంది, ఏం కాదు.

మీ అమ్మకి నువ్వు పంపిన టొరంటో సంగతి నాక్కూడా చూపించింది. 2003లో కెన్సింగ్టన్ మార్కెట్ అనే వలసజనం పేటలో స్తంభాలకి ఆకుపచ్చ చెవి బొమ్మలు తగిలించారట. దాని మీది నంబరుకి ఫోన్ చేస్తే, నువ్వు నిలబడ్డ ఆ చోట ఒకప్పుడు ఏం జరిగిందో ఆ వీధి మనిషి గొంతులోనే వినిపిస్తుందట. నాకది బాగా నచ్చింది. ఎంతమంది విన్నా ఒక్కొక్కరి చెవికే. అది చూసినప్పుడు, నాకు హారన్ల బదులు అలాంటి చెవి ఒకటుంటే అనిపించింది.

అక్టోబరులో మాత్రం పెట్టకు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ ఆ ఒడ్డునే దాటింది, మీ అమ్మా నేనూ ఫోన్లు కలవక తెల్లవార్లూ మేలుకుని ఉన్నాం. నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకు గుర్తుండదు. సంక్రాంతికి పెట్టు. కేరళ, చెన్నై బోట్ల మీదున్న కుర్రాళ్ళు కొందరైనా ఇళ్ళకి వస్తారు, వాళ్ళ నాన్నల గొంతులు వింటారు.

వేళకి తిను. రాత్రి పనయ్యాక ఒక్కదానివీ ఆటో ఎక్కకు, నాకు ఫోన్ చెయ్యి, నేను ఏడింటికే పడుకుంటానన్నది మీ అత్త పుట్టించిన పుకారు. అటకమీద పాత టెలిఫోన్ రిసీవర్లు పదకొండు దొరికాయి, తుడిచి బస్సుకి వేయిస్తున్నాను. వాటిలో రెండు బొంగురుగా పలుకుతాయి, అవి మగవాళ్ళకి వాడుకో.

ఆ "ఎండుచేపల" మనిషి ఇంకా ఉన్నాడు. ఎనభై దగ్గరపడ్డాయి. గంగమ్మ గుడి వెనక మూడో ఇల్లు. వెళ్ళినప్పుడు నేను పంపానని చెప్పు. టీ ఇస్తాడు, పంచదార ఎక్కువ వేస్తాడు, తాగు. మొదటి రోజు మిషను సంచీలోంచి బయటికి తీయకు.

మీ మావయ్య,
బరంపురం