అడగండి, చెప్తాను: పండగ దారికి అడ్డొచ్చిన కిరాణా కొట్టు

ప్రశ్న: మా అత్తయ్యగారి దగ్గర్నించి ఆరో క్లాసు చదివే మా పిల్లాడి దాకా ఇంటిల్లిపాదీ కలిసి చూడగలిగే పాత ఇంగ్లిష్ కామెడీ ఒక్కటి చెప్పండి. రాజుల కథలూ పెద్ద పెద్ద కోటలూ వద్దు, మామూలు మనుషుల సినిమా కావాలి. (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ఐతే 1952లో వచ్చిన ‘ది హ్యాపీ ఫ్యామిలీ’ చూడండమ్మా, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. చిన్న బడ్జెట్ సినిమా, బ్లాక్ అండ్ వైట్. మైఖేల్ క్లేటన్ హటన్ అనే ఆయన రాసిన నాటకాన్ని సినిమాగా తీశారు. అమెరికాలో దీన్నే ‘మిస్టర్ లార్డ్ సేస్ నో’ అని రిలీజ్ చేశారు, అంటే లార్డ్ గారు కుదరదన్నారు అని, కథ మొత్తం ఆ ముక్కలోనే ఉంది. ఇక్కడ లార్డ్ అనేది బిరుదు కాదు, ఇంటిపేరు. హెన్రీ లార్డ్ రైలింజిన్ డ్రైవరుగా చేసి, రిటైరయ్యాక భార్య లిలియన్‌తో కలిసి లండన్‌లో వాళ్ళకున్న చిన్న కిరాణా కొట్లో ప్రశాంతంగా కూర్చుందాం అనుకుంటాడు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం తరఫున ఫిల్చ్ అనే ఆఫీసరొస్తాడు, దేశమంతా చేసుకోబోయే పెద్ద పండగకి దారి వెయ్యాలి, మీ ఇల్లు అడ్డంగా ఉంది, డబ్బులిస్తాం వేరే ఇల్లూ ఇస్తాం ఖాళీ చెయ్యండి అంటాడు. హెన్రీ చెయ్యనంటాడు. ఇక ఇంట్లో వాళ్ళంతా లోపలే ఉండి తలుపులు బిగించుకుంటారు, బయట పోలీసులు, పేపర్ల వాళ్ళు, రేడియో మైకులు, ఊరంతా అక్కడే. చివరికి ఏమవుతుందో మాత్రం చెప్పను, మీ పిల్లాడు మధ్యలోనే అడుగుతాడు, మీరూ చెప్పకండి.

ప్రశ్న: నేను ఇరవయ్యేళ్ళుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నాను. నాటకాన్ని సినిమా తీస్తే ఎక్కువసార్లు నాటకమూ చస్తుంది సినిమా కూడా అవ్వదు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అన్ని నాటకాలు ఎందుకు సినిమాలు చేశారు? (తెనాలి నుంచి ఒక రంగస్థల నటుడు)

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్తానండి, ఎందుకంటే అసలు కారణం అదే. 1947లో బ్రిటిష్ ప్రభుత్వం బయటి సినిమాల మీద 75 శాతం పన్నేసింది, దాంతో హాలీవుడ్ వాళ్ళు ఒళ్ళుమండి కొత్త సినిమాలు పంపడం ఆపేశారు, సరే మన సినిమాలకి మంచి రోజులొచ్చాయి అని అక్కడి నిర్మాతలు గబగబా తీయడం మొదలెట్టారు, ఈలోగా 1948లో ఆ పన్ను కాస్తా ఎత్తేశారు, అన్నాళ్ళూ ఆగిపోయిన అమెరికన్ బొమ్మలన్నీ ఒక్కసారిగా హాళ్ళ మీద పడ్డాయి. బ్రిటిష్ కంపెనీలు నలిగిపోయాయి. 1949లో నేషనల్ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అని ప్రభుత్వమే ఒక సంస్థ పెట్టి అప్పులిచ్చి నిలబెట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడు నిర్మాతకి నాటకం కంటే భద్రమైన సరుకేముంటుంది చెప్పండి? ఒకటే సెట్టు, పదిమంది నటులు, కొద్ది రోజుల షూటింగు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ డైలాగుకి జనం నవ్వుతారో ముందే తేలిపోయుంటుంది.

ఇక చస్తుంది అన్నారే, అది నిజమే, ఎందుకు చస్తుందంటే నాటకంలాగా కనపడకూడదని భయపడి కథని వీధుల్లోకి, పార్కుల్లోకి, కార్లలోకి లాక్కెళ్తారు, నాలుగ్గోడల మధ్య ఉన్న బిగువంతా కారిపోతుంది. ఈ సినిమా బతికింది ఎందుకో నాకర్థమైంది చెప్తా. వాళ్ళు ఇంట్లోంచి బయటికి రాకపోవడమే ఇక్కడ కథ! ఆ గది వదిలితే ఓడిపోయినట్టే. నాటకానికి డబ్బుల్లేక ఒకటే గది పెట్టుకుంటాం, ఇక్కడ ఆ ఒక్క గది కోసమే యుద్ధం జరుగుతోంది, స్టేజీ ఇబ్బంది కాస్తా కథకి ప్రాణం అయిపోయింది. మీరు పరిషత్తుల్లో ఎన్నోసార్లు చూసుంటారు, ఒక పక్క వీధి గుమ్మం ఇంకో పక్క వంటింటి కర్టెన్ ఉంటే, నాటకం నడిపేదంతా ఆ వీధి గుమ్మమే, ఎవరొస్తారు, ఏం మోసుకొస్తారు అని. ఈ సినిమాలో కూడా ఆ గుమ్మాన్నే చూడండి. మొదట్లో సరుకులు కొనేవాళ్ళు వచ్చే గుమ్మం, తర్వాత అదే కోట తలుపు. ఆంగ్లేయుడికి వాడి ఇల్లే కోట అని వాళ్ళకో సామెతుంది, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని రక్తమాంసాలిచ్చారు.

ప్రశ్న: హెన్రీ వేషం వేసినాయన్ని ఎక్కడో చూసినట్టుంది? (వరంగల్)

జవాబు: స్టాన్లీ హాలోవే. 1964 ‘మై ఫెయిర్ లేడీ’లో హీరోయిన్ తండ్రి డూలిటిల్ ఆయనే. భార్యగా వేసిన కాథ్లీన్ హారిసన్ అప్పటికే బ్రిటన్‌లో అందరికీ అమ్మలాంటి నటి, హగ్గెట్ల కుటుంబం సినిమాలు వరసగా చేసింది. 103 ఏళ్ళు బతికింది మహాతల్లి.

ప్రశ్న: నేను ఉద్యోగరీత్యా లండన్‌లో ఉంటున్నాను, వారానికోసారి సౌత్ బ్యాంక్ వైపు వెళ్తుంటాను. సినిమాలో చెప్పిన పండగ నిజంగా జరిగిందా, ఆ గుర్తులేమైనా మిగిలాయా? (క్రోయిడన్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: నిజంగానే జరిగింది. దాని పేరు ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్, 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్ అనే పెద్ద ప్రదర్శనకి వందేళ్ళు అయిన సందర్భంగా 1951 మే 3న మొదలెట్టారు, సెప్టెంబర్ 30 దాకా నడిచింది. యుద్ధంలో బాంబులు పడి, పాతబడి బోసిపోయిన థేమ్స్ నది ఒడ్డుని బాగుచేసి సౌత్ బ్యాంక్ ఎగ్జిబిషన్ పెట్టారు, దాదాపు 85 లక్షల మంది వచ్చి చూశారు. దాదాపు 300 అడుగుల ఎత్తున కాల్చే చుట్ట ఆకారంలో స్కైలాన్ అని ఒకటి నిలబెట్టారు, తీగల మీద వేలాడుతూ గాల్లో ఆగినట్టుండేది. దాని పక్కనే డోమ్ ఆఫ్ డిస్కవరీ, అడ్డంగా కొలిస్తే 365 అడుగులు. ఆ ఏడాది అక్టోబర్ ఎలక్షన్లలో చర్చిల్ గెలిచాడు, కొత్త ప్రభుత్వం దాదాపు అన్నీ పీకించేసింది. మీరు లండన్ ఐ పక్కనున్న జూబిలీ గార్డెన్స్ గడ్డి మీద కూర్చుంటే ఆ డోమ్ ఉన్న చోటే కూర్చున్నట్టు. మిగిలింది రాయల్ ఫెస్టివల్ హాల్, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

ఒక్కసారి ఆలోచించండి, సినిమా హాళ్ళకొచ్చింది 1952లో. ఏ పండగ దారి కోసం లార్డ్ గారి కొట్టు పడగొడతామన్నారో, జనం టిక్కెట్టు కొనుక్కుని లోపల కూర్చునే వేళకి ఆ పండగే లేదు. ఐదు నెలల సంబరం అది. కొట్టు మాత్రం జీవితాంతం ఉండాల్సింది. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఇది గుర్తు పెట్టుకుని నడవండి.

ప్రశ్న: ఈ సినిమా తీసింది ఆడవాళ్ళని ఎక్కడో చదివాను, నిజమేనా? మరి పేరెందుకు వినపడదు? (రాజమండ్రి)

జవాబు: నిజం. మ్యూరియల్ బాక్స్. ఈవిడ గురించి ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్ళనించో చూస్తున్నాను. 1905లో పుట్టింది, సినిమాల్లో కంటిన్యూటీ అమ్మాయిగా మొదలుపెట్టింది, అంటే ముందు షాట్‌లో గ్లాసు ఏ చేతిలో ఉంది, జుట్టు ఎటు దువ్వారు అని కాగితం మీద రాసుకునే పని. తర్వాత భర్త సిడ్నీ బాక్స్‌తో కలిసి నాటికలు రాసింది, అందులో చాలావాటిల్లో అన్నీ ఆడ పాత్రలే. ఇద్దరూ కలిసి రాసిన ‘ది సెవెన్త్ వెయిల్’ స్క్రిప్టుకి ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ వచ్చాక కూడా మెగాఫోన్ చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది చూడండి! అంతకుముందు ఒక సినిమాకి కొంత డైరెక్షన్ చేసింది గానీ, పూర్తిగా తన పేరు మీద వచ్చిన మొదటి సినిమా ఈ ‘హ్యాపీ ఫ్యామిలీ’యే, అప్పటికి నలభై ఆరేళ్ళు దాటాయి. 1964 దాకా తీస్తూనే ఉంది, బ్రిటన్‌లో అన్ని ఫీచర్ సినిమాలు తీసిన ఆడ డైరెక్టర్ ఆ కాలంలో ఇంకొకరు లేరు. కానీ చాలావరకు చిన్న బడ్జెట్‌వీ కామెడీలూ అవడంతో పుస్తకాలు రాసేవాళ్ళు తేలిగ్గా తీసేశారు. నాకు కోపం వచ్చే విషయం ఇదే, కడుపుబ్బ నవ్వించిన మనిషికి గొప్ప డైరెక్టర్ల వరసలో కుర్చీ వెయ్యరు. మన భానుమతిగారు 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసిన రోజులే ఇవీ. సముద్రాలకి అటొకరు ఇటొకరు ఒకే టైమ్‌లో కెమెరా వెనక నిలబడ్డారు, ఇద్దర్నీ కలిపి ఎవరూ రాయలేదే అని నాకు బాధ.

ప్రశ్న: మీరు ముందోసారి ఈ సినిమా పేరు రాస్తే మా వారూ నేనూ చూశాం. మావారు ఏమన్నారంటే, ఒక్క కిరాణా కొట్టు కోసం దేశం పండగ ఆపాలా, డబ్బులూ ఇల్లూ ఇస్తామన్నప్పుడు ఇంకో చోట పెట్టుకోవచ్చుగా, అది మొండితనం కదా అని. నాకు జవాబు తోచలేదు. (గుంటూరు)

జవాబు: మీవారు అడిగింది న్యాయమైన మాటే. సినిమా కూడా ప్రభుత్వాన్ని రాక్షసుల్లా చూపించదు, అదే ప్రభుత్వం 1948లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చింది కదా. కానీ ఇంకో చోట పెట్టుకోవచ్చు అన్నదాని దగ్గర కాస్త ఆగాలి. అప్పటికి బ్రిటన్‌లో ఇంకా రేషన్ ఉంది, మాంసం మీద రేషన్ 1954 జులై దాకా తియ్యలేదు. ప్రతి మనిషికీ ఒక రేషన్ పుస్తకం, అది మీకిష్టమైన కొట్లో చెల్లదు, ఫలానా కొట్టు అని పేరు రాయించుకోవాలి, ఆ కొట్టాయనే కూపన్ కత్తిరించో ముద్రేసో సరుకివ్వాలి. ఒకప్పటి మన చౌకడిపో కార్డులాంటిదే అనుకోండి. అంటే ఆ వీధిలో ఎవరింట్లో ఎంతమంది, ఎవరికి వారానికి ఎంత చక్కెర, ఎంత టీ పొడి అన్నీ ఆ కౌంటరు వెనకున్న మనిషికి తెలుసు. అలాంటి కొట్టుని తీసి ఇంకో పేటలో పెడితే గోడలు కట్టొచ్చు, ఆ పుస్తకాలన్నీ మళ్ళీ వస్తాయా?

నాకిది సినిమా చూసి తెలిసింది కాదండి. మా నాన్నగారికి ఒక చిన్న కొట్టుండేది. రోడ్డు వెడల్పు అని ఒకరోజు టేపు పట్టుకుని ఇద్దరొచ్చారు, కొలిచారు, గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి ఒక అంకె వేసి వెళ్ళిపోయారు. నాన్నగారు వాళ్ళకి మంచినీళ్ళిచ్చారు కూడా. వాళ్ళు వెళ్ళాక లోపల్నించి గోధుమపిండి కంపెనీ రేకు బోర్డొకటి తెచ్చి, మేకు కొట్టి, సరిగ్గా ఆ గీత మీద తగిలించారు, మా అమ్మ కంట పడకూడదని. మా అమ్మ అప్పటికే చూసేసింది. కొట్టు పడగొట్టే రోజు దాకా ఆవిడ ఆ బోర్డు గురించి ఒక్క మాట అడగలేదు, ఆయన తియ్యలేదు. డబ్బులు కొన్నిచ్చారు, ఇవ్వలేదని అనను. కొత్త చోట కొట్టు ఎనిమిది నెలలు నడిచింది. ఆ రేకు బోర్డు ఇప్పుడు మా తమ్ముడింట్లో మేడమెట్ల కింద ఉంది.

అందుకే హెన్రీ లార్డ్ కుదరదు అన్నప్పుడు నేను నవ్వుతూనే ఉంటాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటాను. మా నాన్నగారు ఆ మాట అనలేదు. మీవారికి ఇది చదివి వినిపించి, ఇంకోసారి పక్కన కూర్చోపెట్టుకుని చూడండి, ఈసారి ఏమంటారో నాకు తప్పకుండా రాయండి.