ఫిబ్రవరిలో ఖననం, నవంబరులో వీలునామా: చిక్కు ఇక్కడుంది

పాత చర్చి రికార్డుల్లో ఒక కుటుంబ చరిత్ర వెతుకుతూ మీరు అడిగిన ప్రశ్నలకు జవాబు ఇది. టెన్షన్ పడకండి, మీ లెక్క తప్పలేదు. ఇంగ్లండులోని స్టౌర్‌బ్రిడ్జ్ ఊళ్లో గాజు తయారుచేసే కుటుంబాల మనిషొకరిని 1630 ఫిబ్రవరిలో ఖననం చేశారని చర్చి రిజిస్టరులో ఉంటే, అదే మనిషి 1630 నవంబరులో వీలునామా ఎలా రాశాడన్నారు కదా. ఇంగ్లండులో 1752 ముందు దాకా అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1631. వీలునామా రాసిన మూడు నెలలకే పోయాడన్నమాట.

ఇక హెన్నెజెల్, హెంజీ అనే ఇంటిపేర్లవాళ్లు వేర్వేరు కుటుంబాలేమో అన్నారు. కాదండీ. వీళ్లు లొరేన్ నుంచి వచ్చిన గాజు పనివాళ్లు; అప్పట్లో అది ఫ్రాన్స్ పక్కనున్న ప్రాంతం, ఇప్పుడు ఫ్రాన్స్‌లోనే ఉంది. హెన్నెజెల్ హెంజీ అయింది, థిసాక్ అనే మరో ఇంటిపేరు టైజాక్ అయింది. విన్న పేరును గుమస్తా తనకు తోచినట్టు రాసుకున్నాడు. 1615లో గాజు కొలిమిలో కట్టెలు కాల్చడాన్ని రాజు నిషేధించాక, బొగ్గూ, కొలిమి వేడిని తట్టుకునే మట్టీ దొరికే స్టౌర్‌బ్రిడ్జ్ వాళ్లకు బాగా కలిసొచ్చింది.

పని గుట్టు బయటికి పోకుండా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునేవారు, మన మేనరికాల్లాగే అనుకోండి. అందుకే ఇంటిపేరు ఒక్కటే పట్టుకుంటే దారి తప్పుతారు. ముందు పెళ్లి రిజిస్టరులో ఆడవాళ్ల పుట్టింటి పేర్లు రాసుకోండి, తర్వాత వీలునామాలో అల్లుళ్ల పేర్లు చూడండి.

సమాధి రాయి మీద అక్షరాలు కనపడకపోతే సాయంత్రం టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయండి. వైరు బ్రష్ మాత్రం దయచేసి వాడొద్దు, మిగిలిన అక్షరాలు కూడా రాలిపోతాయి.