ఆయన వద్దంటే ఫ్రీజ్ చేసిన పిండాలు వాడుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 37. మూడేళ్ల కిందట ఐవీఎఫ్‌లో నా అండాలతో తయారైన నాలుగు ఎంబ్రియోలు ఫ్రీజింగ్‌లో ఉన్నాయి. ఇప్పుడు విడాకుల కేసు నడుస్తోంది. వాటితో బిడ్డను కనాలని నాకుంది, ఆయన వద్దంటున్నారు. అమెరికాలో వాటిని పిల్లలుగానే చూస్తారని చదివాను. మన దగ్గర నిర్ణయం ఎవరిది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆయన సమ్మతి లేకుండా క్లినిక్ వాటిని మీ గర్భసంచిలో పెట్టకూడదు. 2021 ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన సాఫల్య చికిత్సల) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, పిండాన్ని గర్భసంచిలోకి పంపేదాకా దంపతుల్లో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. అప్పట్లో సంతకం పెట్టారుగా అంటే సరిపోదు. బ్రిటన్‌లో నటాలీ ఎవాన్స్‌కు అండాశయాలు తీసేయాల్సి వచ్చింది. ముందే దాచిన ఆరు పిండాలే ఆమెకు మిగిలాయి. అయినా మాజీ భాగస్వామి వద్దనడంతో యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

మీరు చదివింది అలబామా సంగతి అయ్యుంటుంది. మైనర్ల మరణానికి పరిహారం కోరే చట్టం కింద ఫ్రీజ్ చేసిన పిండాలూ పిల్లలేనని 2024 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. మన ఏఆర్‌టీ చట్టం అలా అనలేదు. అలాగని అవి అమ్ముకునే వస్తువులూ కావు.

ముందు క్లినిక్‌కు ఉత్తరం రాసి, మీరిద్దరూ సంతకం పెట్టిన సమ్మతి పత్రం కాపీ తీసుకోండి. ఫ్రీజ్ చేసిన తేదీ, అవి ఫలదీకరణ తర్వాత మూడో రోజు పిండాలా ఐదో రోజువా, వాటి గ్రేడ్ (నాణ్యత), ఎన్ని స్ట్రాలలో (పిండాలను దాచే సన్నని గొట్టాల్లో) ఉన్నాయి, స్టోరేజీ ఫీజు ఎప్పటిదాకా కట్టారు అన్నవీ రాతలో అడగండి. ఒకరు చనిపోతే, అశక్తులైతే ఏం చేయాలో ఆ పత్రంలో రాయించుకోవడం తప్పనిసరి. విడిపోతే ఏంటన్నది ఉందేమో చూడండి. ఫ్రీజింగ్‌కు వెళ్లే ప్రతి జంటా ఆ ఒక్క వాక్యం రాయించుకోవాలంటాను. నిర్ణయం ఆ ఇద్దరిదే కావాలి, క్లినిక్‌దో ఇంట్లో పెద్దలదో కాకూడదు.

ఇద్దరి సంతకం లేదా కోర్టు ఆర్డర్ లేకుండా వాటిని పారేయొద్దని, ఎక్కడికీ పంపొద్దని అదే ఉత్తరంలో రాసి, అందినట్టు రసీదు తీసుకోండి. మధ్యంతర ఉత్తర్వు గురించి మీ లాయర్‌తో మాట్లాడండి. ఫీజు నోటీసు ఆయన ఫోన్‌కే వెళ్తుంటే గడువు దాటిపోతుంది, మీ నంబరు కూడా ఇవ్వండి.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పిండానికి వయసు పెరగదు. కానీ నిల్వకు చట్టం పెట్టిన గడువు పదేళ్లే, అంటే మీకు ఇంకో ఏడేళ్లు. ఆ గడువు కంటే నాకు ఎక్కువ దిగులు మీ వయసు గురించే. 35 దాటాక అండాల సంఖ్యా నాణ్యతా త్వరగా తగ్గుతాయి, కోర్టు కేసు మాత్రం ఏళ్లు పట్టొచ్చు. అందుకే ఈ నెలే అండాలు ఎన్ని మిగిలాయో అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష, నెలసరి రెండో మూడో రోజున అండాశయాల స్కానింగ్ చేయించుకోండి. ఫలితం బాగుంటే మీ అండాలను విడిగా ఫ్రీజ్ చేయించుకోవచ్చు, దాదాపు 10–12 రోజుల ఇంజెక్షన్లు ఉంటాయి. ఫలదీకరణ చేయని ఆ అండాలు మీవే. 50 ఏళ్లలోపు ఒంటరి మహిళ కూడా ఏఆర్‌టీ సేవలు పొందవచ్చు కాబట్టి, విడాకులు వచ్చాక దాత వీర్యంతో ప్రయత్నించే దారి మీకుంటుంది.