పాల ప్యాకెట్లు, కొరియర్ డబ్బాలు కడగాలా? మా కందుకూరు ఇంట్లో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న చదవగానే నాకు మా మామయ్యే గుర్తొచ్చారు. కావలిలో ఒంటరిగా ఉండే మీ అమ్మగారు టీవీలో కరోనా కొత్త వేరియంట్ అనే మాట వినబడగానే పాల ప్యాకెట్లు, కూరగాయలు, కొరియర్ డబ్బాలు మళ్లీ సబ్బునీళ్లతోనో హైపోతోనో (అదే, బ్లీచింగ్ లాంటి సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) కడగడం మొదలుపెట్టారనీ, వద్దంటే వినడం లేదనీ, అసలు అది అవసరమా అనీ అడిగారు. కరోనా లాంటి జబ్బుకైతే అక్కర్లేదండీ. కూరగాయలు మంచినీళ్లతో కడుక్కుని, సంచీ ముట్టుకున్నాక చేతులు సబ్బుతో తోముకుంటే చాలు. ఈ చిన్న ముక్క తలకెక్కడానికి మా ఇంట్లో ఏడాదికి పైగా పట్టింది.

మాది కందుకూరు. అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో నెల్లూరులో కలిపారు. 2020 మార్చిలో రాష్ట్రంలో మొట్టమొదటి కేసు వచ్చింది నెల్లూరులోనే, ఇటలీ నుంచి తిరిగొచ్చిన కుర్రాడికి. పేపర్లో ఆ వార్త చూసిన రోజే మా మామయ్య రంగంలోకి దిగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. గేటు లోపల వేపచెట్టు కింద పాత నవారు మంచం వేయించి దానికి బార్డర్ అని పేరు పెట్టారు. బయటి నుంచి ఏదొచ్చినా ముందు ఆ మంచం మీదే దిగాలి. ప్లాస్టిక్ కవర్లో వచ్చిన పప్పులు, ఉప్పు మూడు రోజులు అక్కడే. అట్టపెట్టెలో వచ్చింది ఒక రోజు. పాలు మాత్రం ఆగవు కాబట్టి సర్ఫ్ నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి లోపలికి తేవాలి. ఏ సరుకు ఎప్పుడొచ్చిందో గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసేవారు. మా పిలకాయలిద్దరూ పరీక్షలు లేని ఆ వేసవిలో చేసిన లెక్కలు అవే. కందిపప్పు గురువారం వస్తే ఏ రోజు లోపలికి రావాలి?

ఆ మూడు రోజులు, ఒక రోజు అనేవి ఆయన కల్పించినవి కావు. 2020 మార్చిలోనే న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. లాబ్‌లో పరీక్షిస్తే ఈ వైరస్ ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా, రాగి మీద 4 గంటల దాకా కనిపించిందని అందులో ఉంది. టీవీ వాళ్లు ఆ అంకెలు పట్టుకున్నారు. మా అత్తమ్మ అటక మీది రాగి బిందె దించి, చింతపండుతో తోమి అరుగు మీద పెట్టింది. అదే అధ్యయనంలో గాలిలో తేలే తుంపరల్లో కూడా ఆ ప్రయోగం జరిగిన మూడు గంటలూ వైరస్ బతికే ఉందని రాశారు. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. ప్యాకెట్ కంటికి కనిపిస్తుంది, పట్టుకుని కడగొచ్చు. గాలిని ఏం చేస్తాం?

పేపరు రోజూ ఇస్త్రీ అయ్యేది. నవ్వకండి, నేనే చేశాను. వేడిపెట్టె పెట్టగానే ఇంకు వాసన గుప్పుమనేది, మొదటి పేజీ మధ్యలో ఒకసారి గోధుమరంగు మచ్చ కూడా పడింది. డబ్బులు సర్ఫ్ నీళ్లలో ముంచి బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసేవాళ్లం. ఒక మధ్యాహ్నం గాలికి ఐదొందల నోటు ఎగిరి పక్కింట్లో పడింది. పక్కింటి పిన్నిగారు అది పట్టుకుని వచ్చారు. మాస్కు గడ్డం కింద ఉంది. మామయ్య ఆ నోటుని పట్టకారుతో అందుకుని మళ్లీ బకెట్లో వేశారు. తర్వాత ఇద్దరూ వసారాలో రెండు మూరల ఎడంలో కూర్చుని, ఏ వీధి రెడ్ జోన్ చేశారో, ఎవరి ఇంటికి అంబులెన్సు వచ్చిందో అరగంట మాట్లాడుకున్నారు. నోటుకి రెండోసారి స్నానం అయింది. వాళ్లిద్దరి మాటలకీ ఏ కట్టడీ లేదు. అప్పుడు నాక్కూడా తట్టలేదు, టీ పెట్టి ఇచ్చాను.

ఇంకొకటి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మా వీధికి తట్టలో ఆకుకూరలు తెచ్చే ఆమె ఉంది. ఏళ్ల తరబడి మా అరుగు మీదే తట్ట దించి మంచినీళ్లు తాగి వెళ్లేది. ఆ రోజుల్లో ఆమెని గేటు బయటే నిలబెట్టి, నేను గోంగూర కట్టల మీద శానిటైజర్ కొట్టాను. "అమ్మా, దాని మీద అది కొడితే తినేదెట్టా?" అంది. నేను పలకలేదు. ఆ గోంగూర ఎన్నిసార్లు కడిగినా వాసన పోలా. పప్పులో వేశాక నోట్లో పెట్టుకోలేక కుండీలో పారబోశాను. మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ఆ ఏడాదే స్పష్టంగా చెప్పారు, పండ్లూ కూరగాయల మీద సబ్బు, శానిటైజర్, డిస్‌ఇన్ఫెక్టెంట్ వాడొద్దు, శుభ్రమైన తాగేనీళ్లతో కడగండి అని. ఆ సబ్బులూ శానిటైజర్లూ కడుపులోకి పోయే సరుకులు కావు మరి.

హైపో విషయంలో మాత్రం మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. సరుకులు కడగను పోను మిగిలిన బ్లీచింగ్ నీళ్లు ఒకరోజు నేను బాత్‌రూమ్ నేల మీద పోశాను. అంతకు ముందే అక్కడ కడగడానికి యాసిడ్ చల్లి ఉంది. తలుపు వేసి ఉంది. నిమిషంలో కళ్లు భగ్గుమన్నాయి, ఊపిరి అందలేదు. బ్లీచింగయినా హైపో అయినా యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఈ సంగతి తెలియక కాదు, ఇంటర్‌లో చదివిందే, ఆ కంగారులో గుర్తులేదు. రెండు రోజులు ఆగకుండా దగ్గాను. ఆ రోజుల్లో దగ్గు అంటే తెలుసుగా. నన్ను వెనక గదిలో పెట్టి, కంచం గుమ్మం దగ్గర జరిపి వెళ్లేవాళ్లు. టెస్టు చేయిస్తే నెగెటివ్. కరోనా రాకముందే కరోనా మందుతో మంచం ఎక్కింది మా వీధిలో నేనొక్కదాన్నే.

శానిటైజర్ కూడా అంతే, నీళ్లు కాదు. పొయ్యి దగ్గర ప్యాకెట్లు తుడుస్తుంటే అంటుకునే రకం. 2020 జులై చివర్లో మా జిల్లాలోనే, కురిచేడులో, మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు మామయ్య ఐదు లీటర్ల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. వంటింటి గట్టు మీద అది ఉండకూడదని నా అభిప్రాయం ఇప్పటికీ.

ఇన్ని చేసినా కరోనా మా ఇంటికి రాకుండా ఉందా అంటే, వచ్చింది. ప్యాకెట్ మీద రాలేదు. 2021 ఏప్రిల్ 13, ఉగాది. ఏడాదిగా ఎక్కడికీ పోలేదని ఒంగోలులో మా చిన్నత్తగారింటికి వెళ్లాం. తీసుకెళ్లిన అరటిపండ్లు వంటసోడా నీళ్లలో కడిగాం. మల్లెపూల మీద కూడా కాస్త శానిటైజర్ కొట్టాం, గంటలో నల్లబడ్డాయి. తర్వాత పదకొండు మందిమి ఒకే గదిలో, ఎండగా ఉందని కిటికీలు మూసి, ఏసీ వేసుకుని, పచ్చడి తిని భోజనాలు చేసి సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నాం. తింటూ మాట్లాడుతుంటే మాస్కు ఎవరికుంటుంది? నాలుగో రోజు వాళ్లబ్బాయికి జ్వరం. పదిరోజులు తిరిగేసరికి పదకొండు మందిలో ఎనిమిది మందిమి పాజిటివ్. మా అత్తమ్మకి వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 91 చూపించింది. బెడ్డు కోసం ఆ రాత్రి మా ఆయన ఎక్కిన మెట్టు ఎక్కకుండా తిరిగారు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. ఎక్కువ రాయలేను దాని గురించి.

మామయ్యకి తేలిగ్గానే పోయింది. వేపచెట్టు కింద ఆ బార్డర్ మంచం మీదే పడుకుని ఒక పొద్దున నాతో, "స్టెప్పులన్నీ కరెక్టే వేశామమ్మాయ్, ప్రశ్నే తప్పుగా ఎక్కించుకున్నాం" అన్నారు.

ఆయన ఆ మాట అనేనాటికే అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ వాళ్లు లెక్క చెప్పేశారు. వైరస్ అంటిన వస్తువుని ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ అని 2021 ఏప్రిల్ మొదటి వారంలో ప్రకటించారు. అంతకు చాలా ముందే, 2020 జులైలో, ఇమాన్యుయేల్ గోల్డ్‌మన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఇదే వాదించారు. లాబ్‌లో వస్తువుల మీద పెట్టిన వైరస్ పరిమాణం నిజ జీవితంలో పడే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువనీ, జబ్బున్న మనిషి దాని మీద దగ్గడమో తుమ్మడమో చేసి, గంటా రెండు గంటల్లో ఇంకొకరు దాన్ని ముట్టుకుంటే తప్ప ప్రమాదం లేదనీ ఆయన మాట. ఆ 72 గంటల సంగతి కూడా అంతే. ప్లాస్టిక్ మీద దాదాపు ఏడు గంటలకొకసారి వైరస్ సగం సగం తగ్గిపోతూ వచ్చి, మూడో రోజుకి ఆనవాలుగా మిగిలింది. పైగా వేడి పెరిగేకొద్దీ అది ఇంకా త్వరగా చస్తుంది. మన రోహిణీ కార్తె ఎండల్లో మంచం మీద మూడు రోజులు పెట్టిన కందిపప్పుకి ఏమైనా అయిందంటే పురుగు పట్టడమే అయింది. ఉప్మా రవ్వ కూడా పోయింది.

మా ఉగాది తర్వాతి నెలే, 2021 మేలో, నెల్లూరు దగ్గర కృష్ణపట్నంలో కరోనాకని ఇచ్చిన ఆనందయ్య నాటుమందు కోసం వేలమంది వచ్చారు. మా వీధి నుంచీ ఇద్దరు వెళ్లారు. మందు సంగతి నేను మాట్లాడను, క్యూ సంగతి చెప్తున్నాను. వాళ్లలో ఒకాయన కారు స్టీరింగు ప్రతి అరగంటకీ శానిటైజర్‌తో తుడిచారట. దిగాక గంటల తరబడి భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. నేను వెక్కిరించడం లేదు, ఉగాది రోజు మేం చేసిందీ అదే.

ఇప్పుడు మా ఇంట్లో ఎలా ఉందంటే, పాల ప్యాకెట్ కుళాయి కింద పట్టి కడుగుతాం. వైరస్ కోసం కాదు, ఆ ట్రేల మట్టి చూస్తే మీరే కడుగుతారు. ఆకుకూరలు, ద్రాక్ష, వంకాయలు నీళ్లు మార్చి మూడుసార్లు కడుగుతాం. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు అసలు తడపం, తడిపితే కుళ్లిపోతాయి, 2020లో ఒక బుట్టెడు అలాగే పారబోశాం. బియ్యం, పప్పులు నేరుగా డబ్బాలోకి. కొరియర్ డబ్బా చింపి అట్ట బయట పడేసి చేతులు కడుక్కుంటాం. సబ్బుతో ఇరవై సెకన్లు. ఈ వైరస్ పైపొర కొవ్వుతో చేసింది, సబ్బు దాన్ని విప్పేస్తుంది. చెయ్యి కడుక్కున్నాక ప్యాకెట్ మీద ఏముంటే మనకేం? ఎవరైనా జలుబుతో వస్తే వసారాలో కూర్చోబెడతాం, కిటికీలు తీస్తాం. కావాలంటే మాస్కు.

రేపు ఇంకేదో కొత్త జబ్బు వస్తే ఇదే వర్తిస్తుందా అంటే, అది ఎలా పాకుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. టైఫాయిడ్, కలరా, పచ్చకామెర్లలో హెపటైటిస్ ఏ లాంటివి ఎక్కువగా తిండీ నీళ్ల ద్వారా వస్తాయి, అక్కడ కడగడమే ప్రాణం. ఏమీ తెలియని మొదటి రెండు మూడు వారాలు సరుకుల సంచీ ఒక పూట బయట ఉంచితే నేను తప్పు పట్టను. 2020 మార్చిలో మామయ్య చేసింది తెలివితక్కువ పని అని ఇప్పటికీ అనను. తెలిసిన తర్వాత కూడా ఏడాది పాటు అదే చేస్తూ, అసలు జాగ్రత్త వదిలేశాం చూడండి, దానికే నా బాధ.

మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఒంటరిగా ఉండే మనిషి, కడుగుతుంటే కాస్త ధైర్యంగా ఉంటుందేమో. పాల ప్యాకెట్ నీళ్లతో కడుక్కోనివ్వండి. హైపో సీసా మాత్రం ఈసారి ఊరెళ్లినప్పుడు వంటింట్లోంచి తీసేసి, బాత్‌రూమ్ యాసిడ్‌కి దూరంగా ఎక్కడైనా పైన పెట్టి రండి. ఆవిడ చేతులు కూడా ఒకసారి చూడండి. మా అత్తమ్మకి వేళ్ల సందులు పగిలి చింతపండు పిసకలేకపోయేది, ఎవరికీ చెప్పలేదు, కొబ్బరినూనె రాసుకుంటుంటే నేనే చూశాను.