కృష్ణ నీళ్లు బురదగా వస్తున్నాయా?

ప్రకాశం బ్యారేజీని వాటర్ కలర్‌లో వేస్తుంటే రంగులు బురదలా అవుతున్నాయని, కాగితం ఉబ్బిపోతోందని అడిగారు కదండీ. సగం తప్పు మీ చేతిది కాదు, కాగితానిది. స్కూలు డ్రాయింగ్ పుస్తకం అంత నీటిని మోయలేదు. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందం) వాటర్ కలర్ కాగితం తీసుకోండి. ఖరీదనిపిస్తే పెద్ద షీటును నాలుగు ముక్కలు చేసుకోండి. నాలుగంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకు అంటించాకే తడపండి.

ఇక బురద సంగతి. మొదటి పూత ఆరకముందే రెండోది వేసి బ్రష్‌తో మళ్లీ మళ్లీ రుద్దితే అంతే. నేనూ రెండేళ్లు అదే చేశాను లెండి! వేలి వెనక భాగం కాగితానికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఒకసారికి రెండు రంగులే కలపండి, మహా అయితే మూడు. నలుపు ట్యూబు జోలికి పోవద్దు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితే గేట్ల కింది నీడకు సరిపోయే బూడిదరంగు వస్తుంది. బ్రష్ కడిగే గ్లాసు వేరు, రంగుల్లో కలిపే శుభ్రమైన నీళ్ల గ్లాసు వేరు ఉండాలి.

మే నెల మధ్యాహ్నం మాత్రం ఘాట్‌లో కూర్చోకండి. బెజవాడ ఎండకు ఆకాశం పూత పరిచేలోపే అంచులు ఆరి చారలు పడతాయి. పొద్దున్నే ఏడింటిలోపు వెళ్లండి.